ప్రశ్న అడిగాక కాసేపు ఆగడం

"అర్థమైందా?" అని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. ఆ మాట నమ్మి పాఠం ముందుకు నడిపిన ఏళ్లు నా ఉద్యోగంలో చాలానే ఉన్నాయి. దానికి బదులుగా ఐదో తరగతి భిన్నాల పాఠంలో ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

అర్థమైందో లేదో తేల్చే ప్రశ్న ఒకటి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. "1/3 పెద్దదా, 1/4 పెద్దదా?" అన్నది అలాంటిదే. మూడు కంటే నాలుగు పెద్దది కనుక 1/4 పెద్దదని పూర్ణసంఖ్యల అలవాటు కొద్దీ అనుకునే పిల్లలు ఈ ప్రశ్నతో బయటపడతారు.

అడిగాక ఎవరి పేరూ పిలవకుండా ఆగాలి. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబుల నిడివి పెరుగుతుందనీ అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే విద్యా పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. మూడు సెకన్లు ఏపాటి అనిపిస్తుంది గానీ, నలభై మంది మన ముఖమే చూస్తున్నప్పుడు తరిగే కాలం కాదది.

జవాబును నోటితో కాక పలక మీద రాయించి, "చూపండి" అన్నప్పుడే అందరిచేతా ఒకేసారి ఎత్తించాలి. పక్కవాడి పలక చూసి మోచేత్తో చెరిపేవాళ్లు అప్పటికీ ఒకరిద్దరు ఉంటారు, వాళ్లను పట్టించుకోనక్కర్లేదు.

తప్పులు ఎక్కువగా కనిపిస్తే, చెప్పిందే మళ్లీ చెప్పకుండా, 12 సెం.మీ. కాగితపు పట్టీలు రెండేసి ఇచ్చి, ఒకదాన్ని 4 సెం.మీ. చొప్పున మూడు ముక్కలుగా, రెండోదాన్ని 3 సెం.మీ. చొప్పున నాలుగు ముక్కలుగా కత్తిరించమనాలి. మొదటిసారి నేను 10 సెం.మీ. పట్టీలు ఇచ్చి, మూడు సమభాగాలు స్కేలు మీద కుదరక, పీరియడంతా తగవులు తీర్చడంతోనే సరిపెట్టాను. ముక్కలు పక్కపక్కన పెట్టాక "ఎందుకలా?" అని అడిగి మళ్లీ ఆగాలి. "ఎక్కువ మందికి పంచితే తలా కొంచెమే వస్తుంది సార్" అని ఒక అమ్మాయి అంది. ఆ వాక్యాన్ని ఆ పిల్ల మాటల్లోనే నల్లబల్ల మీద రాసి, 'హారం' అన్న పదాన్ని దాని కింద చేర్చాను.

ముక్కలను పారేయనివ్వకూడదు. మర్నాడు 2/3, 3/4 లలో ఏది పెద్దదని అడిగితే, "కింద చిన్న అంకె ఉంటే పెద్దది" అని కిటుకు మాత్రమే పట్టుకున్నవాళ్లు 2/3 అని రాస్తారు. 4 సెం.మీ. ముక్కలు రెండు (8 సెం.మీ.), 3 సెం.మీ. ముక్కలు మూడు (9 సెం.మీ.) పక్కపక్కన పేర్చి చూసుకోవడానికి అప్పుడు అవే ముక్కలు కావాలి.