డిస్‌ప్లే డ్రైవర్ క్రాష్ అవుతోందా? డ్రైవర్ పీకేసే ముందు ఇది చూడండి

లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతుంటే స్క్రీన్ ఒక్కసారిగా నల్లగా అయిపోద్ది, రెండు మూడు సెకన్లకి మళ్ళీ వస్తది, చూస్తే గేమ్ క్లోజ్ అయిపోయి ఉంటది. లేకపోతే కింద మూలన డిస్‌ప్లే డ్రైవర్ స్టాప్ అయ్యి రికవర్ అయ్యింది అని మెసేజ్. ఇది చూడగానే అందరం చేసే పని ఒకటే, ఉన్న డ్రైవర్ని, అంటే విండోస్ గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ని, తీసేసి కొత్తది వేస్తాం. నేనూ అదే చేశా, ఒక్క వారంలో మూడు సార్లు వేశా, చివరికి తేలిందేంటంటే డ్రైవర్‌కి ఏ రోగమూ లేదు, తప్పంతా చార్జర్‌ది.

ఎందుకలా అంటే, విండోస్‌లో విస్టా కాలం నుంచి టిడిఆర్ అని ఒక ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్‌కి ఒక పని ఇచ్చాక 2 సెకన్లలో బదులు రాకపోతే ఇది హ్యాంగ్ అయ్యిందని విండోస్ అనుకుని డ్రైవర్‌ని రీసెట్ చేసేస్తది. రీసెట్ కుదరకపోయినా, ఒక్క నిమిషంలో ఐదు సార్లు మించి ఇలాగే అయినా నేరుగా బ్లూ స్క్రీన్, దాని మీద వీడియో టిడిఆర్ అనే మాట కనిపిస్తది. అంటే ఆ మెసేజ్ చెప్పేది బదులు రాలేదు అని మాత్రమే, ఎందుకు రాలేదో చెప్పదు. వేడెక్కినా అదే మెసేజ్, పవర్ చాలకపోయినా అదే, మెమరీ పాడైనా అదే, నిజంగా డ్రైవర్‌లో బగ్ ఉన్నా అదే.

అందుకే ముందు టైమ్ నోట్ చేస్కోండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి ఓపెన్ చేసి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్ళి, సోర్స్ డిస్‌ప్లే, ఐడి 4101 ఉన్న ఎంట్రీలు చూడండి. ఏ చిప్ డ్రైవర్ పడిపోయిందో అందులోనే ఉంటది, పేరు ఎన్‌వి అని మొదలైతే ఎన్‌విడియా, ఏఎండి అని ఉంటే ఏఎండి, ఐజీఎఫ్‌ఎక్స్ అనో ఐజీడీ అనో ఉంటే ఇంటెల్. గేమింగ్ లాప్‌టాప్‌లలో చాలావరకు రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి కదా, ఒకటి ప్రాసెసర్‌లోనే, ఇంకోటి విడి కార్డుగా, ఒకటి పడిపోతుంటే ఇంకోదాని డ్రైవర్ మార్చి లాభం లేదు. ప్రతి ఎంట్రీ టైమ్ పక్కన అప్పుడు ఏం చేస్తున్నారో, చార్జర్ పెట్టి ఉందో లేదో రాసుకోండి.

నాకు దొరికింది అలాగే. నాలుగు క్రాష్‌లు, నాలుగూ చార్జర్ పెట్టి ఉన్నప్పుడే, బ్యాటరీ మీద ఆడితే ఒక్కటీ లేదు. మామూలుగా ఉల్టాగా ఉండాలి కదా అనుకున్నా. లాప్‌టాప్‌తో వచ్చింది 180 వాట్ల ఇటుకరాయి లాంటి చార్జర్, బరువని అది పక్కన పడేసి 65 వాట్ల టైప్ సి చార్జర్ వాడుతున్నా. ఆ రోజు గేమ్ పెట్టి బ్యాటరీ పర్సెంటేజ్ చూస్తూ కూర్చుంటే, చార్జర్ పెట్టి ఉండగానే 80 నుంచి 71కి దిగింది. బ్యాటరీ మీద అయితే చిప్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటది, చార్జర్ పెడితే ఫుల్ స్పీడ్‌కి వెళ్ళబోద్ది, అక్కడ సరిపడా పవర్ లేదు. పాత చార్జర్ పెట్టా, అంతే, ఆగిపోయింది. మీక్కూడా చార్జర్ పెట్టి ఉండగా పర్సెంటేజ్ దిగుతుంటే ముందు చార్జర్ వెనక రాసిన వాట్లు చూడండి.

గేమ్ మొదలెట్టిన పావుగంట ఇరవై నిమిషాలకే ప్రతిసారీ పోతోందా, అది వేడి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ మీద నొక్కితే విడి గ్రాఫిక్స్ కార్డుకి టెంపరేచర్ కూడా చూపిస్తది, క్రాష్ ముందు అది 90 దగ్గర ఊగుతుంటే ఇంక అనుమానం అక్కర్లేదు. పరుపు మీద పెట్టి ఆడటం మానేయండి. అయినా తగ్గకపోతే వెనక కవర్ విప్పాలి, ఫ్యాన్ పైకి శుభ్రంగానే కనిపిస్తది, దాన్ని చూసి మోసపోవద్దు, ఫ్యాన్‌కీ వేడి బయటికి పంపే రేకులకీ మధ్య సందులో దుమ్ము దుప్పటి ముక్కలాగ అట్టకట్టి ఉంటది, వేలితో లాగితే మొత్తం ఒకే పొరగా ఊడొస్తది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకోండి. మూడు నాలుగేళ్ళ లాప్‌టాప్ అయితే పనిలో పనిగా చిప్ మీద వేడి లాగడానికి పూసే థర్మల్ పేస్ట్ కూడా మార్పించేయండి.

అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే మొదలైతే మాత్రం నిజంగా డ్రైవరే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డు ప్రాపర్టీస్ తీసి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కండి, పాత డ్రైవర్ వెనక్కి వస్తది. ఆ బటన్ పనిచెయ్యకపోతే డీడీయూ అనే టూల్‌తో సేఫ్ మోడ్‌లో మొత్తం తుడిచేసి, లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్ వేయండి, అది పాతదైనా సరే. ఇక్కడ రెండు జాగ్రత్తలు. తుడిచే ముందే డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని నెట్ తీసేయండి, లేదంటే మీరు వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకి నచ్చింది వేసేస్తది. రెండోది, సేఫ్ మోడ్‌లో పిన్ పనిచెయ్యకపోవచ్చు, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, పాస్‌వర్డూ కీ రెండూ ఫోన్‌లోనో కాగితం మీదో ఉంచుకోకుండా దిగొద్దు.

బ్రౌజర్‌లో వీడియో చూస్తుంటేనే పోతే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. ఓవర్‌క్లాక్ (చిప్ స్పీడ్ పెంచడం) గానీ అండర్‌వోల్ట్ (చిప్‌కి వోల్టేజ్ తగ్గించడం) గానీ చేసుంటే అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి, నాది స్టేబుల్ అండి అని అందరూ అంటారు. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడో స్లీప్ నుంచి లేచాకో పోతే పవర్ ప్లాన్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి, కొన్ని లాప్‌టాప్‌లలో ఆ ఆప్షనే కనపడదు, అప్పుడు బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడాలి. స్క్రీన్ నల్లగానే ఉండిపోతే పవర్ బటన్ పట్టుకునే ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, డ్రైవర్ రీసెట్ అయ్యి చాలాసార్లు తెరిచిన ఫైళ్ళు పోకుండా బయటపడతాం.

విండోస్ రిజిస్ట్రీలో టిడిఆర్ డిలే, అంటే ఆ 2 సెకన్ల గడువు, పెంచమని ఎవరో ఒకరు చెప్తారు. రెండరింగ్ లాంటి పెద్ద పని చేయించేవాళ్ళకి, చిప్ నిజంగానే ఎక్కువ టైమ్ తీసుకుంటుంది కాబట్టి, అది పనికొస్తది. గేమ్ క్రాష్‌కి మాత్రం రెండు సెకన్లు బిగుసుకుపోయే స్క్రీన్ పది సెకన్లు బిగుసుకుపోద్ది, ఇంకేం మారదు.

ఇక లాప్‌టాప్ ఆన్ చెయ్యగానే, విండోస్ ఇంకా రాకముందే, కంపెనీ లోగో దగ్గరే గీతలూ రంగు చుక్కలూ కనపడితే డ్రైవర్ గోల వదిలేయండి, అప్పటికి డ్రైవర్ లోడే అవ్వదు. ఇంకో మానిటర్ పెట్టి చూడండి, అందులోనూ ఉంటే చిప్పో దాని మెమరీయో పోయినట్టే, అందులో లేకపోతే స్క్రీన్ కేబుల్ కావచ్చు. చాలా లాప్‌టాప్‌లలో చిప్ బోర్డుకే అతికించి ఉంటది, విడిగా మార్చలేం. వారంటీ ఉంటే ఆ గీతల ఫోటో, రాసుకున్న టైమ్‌ల కాగితం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. లేకపోతే, పాడైంది విడి కార్డే అయితే, డివైస్ మేనేజర్‌లో దాన్ని డిసేబుల్ చేసి ప్రాసెసర్‌లోని చిప్‌తో నడిపించుకోవచ్చు, గేమ్‌లు పోతాయి గానీ మిగతా పనులన్నీ అవుతాయి.