నిమ్మ, చీనీ (బత్తాయి) తోటల్లో నేల జీవాన్ని పెంచుకోవడం ఎలా?

సేంద్రియానికి మారదామనుకునే రైతులు మా తిరుపతి చుట్టుపక్కల ఎక్కువగా అడిగే మాట ఒకటే: "ముందు ఏం కొనాలి?" ఏమీ కొనొద్దు. పార తీసుకుని తోటలోకి వెళ్లండి.

చెట్టు నీడ అంచున అడుగు లోతు గుంత తవ్వండి. వానపాములు ఉన్నాయా, తెల్లటి సన్న వేర్లు కనిపిస్తున్నాయా చూడండి. నాలుగైదు చెట్ల దగ్గర అదే లోతు మట్టి తీసి, కలిపి పరీక్షకు పంపండి. సేంద్రియ కర్బనం, అంటే ఆకు, పేడ లాంటివి కుళ్లి మట్టిలో మిగిలే కర్బనం, 0.5 శాతం లోపు వస్తే సూక్ష్మజీవులు పస్తులున్నట్టే. మన ఎర్ర ఇసుక నేలల్లో చాలాచోట్ల అలాగే వస్తుంది. ఇంకో పని కూడా చేయండి. పాత నూలు గుడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి పాదులో, ఇంకొకటి గెనిమ (గట్టు) మీద ఆకు రాలి మగ్గే చోట జానెడు లోతున పాతిపెట్టండి. గుడ్డను కుళ్లబెట్టేది సూక్ష్మజీవులే కాబట్టి, రెండు నెలల తర్వాత ఏది ఎక్కువ చివికిందో చూస్తే మీ తోట సంగతి తెలిసిపోతుంది.

ఇదంతా నిమ్మజాతి చెట్లకు ఎందుకింత ముఖ్యమంటే, వీటి వేర్లకు నూగు, అంటే పోషకాలు పీల్చే సన్నటి వెంట్రుకలు, చాలా తక్కువ. ఆ లోటు తీర్చేది మైకోరైజా అనే శిలీంధ్రం. అది వేరులోపల చేరి, మట్టిలోకి సన్నటి దారాలు పంపి భాస్వరం, జింకు లాంటివి తెచ్చిస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. భాస్వరం బస్తాలు ఎక్కువగా పోస్తే చెట్టు ఆ స్నేహాన్ని తగ్గించుకుంటుంది. అదే పనిగా దున్నితే దారాలు తెగిపోతాయి.

అందుకని మొదట పాదుల్లో దుక్కి ఆపండి. కలుపును కోసి అక్కడే పరచండి. సాళ్ల మధ్య తొలకరికి జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూత మొదలవగానే కోసి పాదుల్లో వేయండి.

తర్వాత నేలను కప్పండి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పని ఇదే. ఎండాకాలం మన దగ్గర ఉత్త నేల కాలిపోతుంది, పైపొరలో బతికేవి తట్టుకోలేవు. వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, ఏది దొరికితే అది నాలుగు వేళ్ల మందాన పరచండి. మొదలుకు అడుగు దూరం వదలాలి, తడి తగిలితే బంక తెగులు వస్తుంది. మొదటి ఏడాది మేము ఎండు చెరకు ఆకును మట్టిలో కలిపి దున్నేశాం. నెల తిరక్కుండా చెట్లు పసుపెక్కాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. ఎండు చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని ముందు అవే వాడేసుకుంటాయి. పైన పరిస్తే ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు.

నేలలో సూక్ష్మజీవుల్ని పెంచడానికి పోసే జీవామృతం ఆ తర్వాతే. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గెనిమ మట్టి గుప్పెడు కలిపి నీడలో 48 గంటలు ఉంచండి. రోజూ రెండు పూటలా కర్రతో కలపాలి. ఎకరాకు ఇది సరిపోతుంది. తడి ఉన్నప్పుడు, సాయంత్రం పూట, వారంలోపు పోసేయండి. ఆకు కప్పని ఉత్త నేల మీద పోస్తే తిండి లేని ఇంటికి చుట్టాల్ని పిలిచినట్టే.

వేరుకుళ్లు భయం ఉంటే 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, తడిపి, గోనెపట్టా కప్పి వారం పది రోజులు నీడలో పెట్టండి. బూజు అల్లుకున్నాక పాదుల్లో వేయండి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేడికి వేర్లు దెబ్బతింటాయి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు అనే రాగి మందు మొదలుకు పూయడం వరకే. రాగి మందును అలవాటుగా పాదుల్లో పోస్తే తెగులు శిలీంధ్రంతోపాటు మనం పెంచిన శిలీంధ్రమూ చస్తుంది.

ఆరు నెలల్లో కాయలో తేడా వెతక్కండి. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక పాత గుంత పక్కనే మళ్లీ తవ్వి చూడండి. పైనున్న ఆకుల అడుగున తెల్లటి బూజు దారాలు, మట్టిలో వానపాములు కనబడాలి. చూశాక గుంత పూడ్చి, ఆకు మళ్లీ కప్పండి.