ఇంట్లో దుమ్ము దులపడానికి తక్కువ ఖర్చులో ఎయిర్ కంప్రెసర్ ఎంచుకోవడం ఎలా?

ముందు దేని మీద దుమ్ము కోసం కొంటున్నారో తేల్చుకోండి. సీపీయూ, కుట్టు మిషను, కిటికీ మెష్‌లు అప్పుడప్పుడూ దులుపుకోవడానికే అయితే చేత్తో పట్టుకునే 500-600 వాట్ల ఎలక్ట్రిక్ బ్లోయర్ చాలు, కంప్రెసర్ ధరలో చిన్న వంతుకే వస్తుంది. సన్న సందుల్లో గట్టిపడిన దుమ్ము, చెక్క పని పొట్టు, బైకు చెయిన్ లాంటివి ఉంటేనే కంప్రెసర్ వైపు వెళ్లండి.

కారు టైర్లకు గాలి కొట్టే చిన్న ఇన్‌ఫ్లేటర్ మాత్రం దీనికోసం కొనకండి. పెట్టె మీద 150 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటుంది, అది అబద్ధమూ కాదు, కానీ టైరు మూసి ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా వెళ్లిన గాలి లోపల పోగై ప్రెజర్ పెరుగుతుంది, అదే నాజిల్ తెరిచి వదిలితే దుమ్ము కదలదు. మనం చూడాల్సింది నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నది. దాన్ని సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు)లో రాస్తారు, 1 సీఎఫ్ఎం అంటే నిమిషానికి దాదాపు 28 లీటర్లు. ఎఫ్ఏడీ (ఫ్రీ ఎయిర్ డెలివరీ) అని రాసిన అంకె ఉంటే దాన్నే నమ్మండి, బయటికి నిజంగా వచ్చే గాలి అదే.

ఇంటికి 1 హెచ్‌పీ మోటారు, 24 లీటర్ల ట్యాంకు సరిపోతాయి. ఆయిల్ ఫ్రీ రకమే తీసుకోండి, ఎందుకంటే ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్న తుంపర మదర్‌బోర్డు మీద పడితే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. వీటిలో చవక మోడళ్లు బాగా రొద చేస్తాయి, అపార్ట్‌మెంట్లో ఉంటే షాపులో ఆన్ చేయించి విన్నాకే డబ్బులివ్వండి. ప్రెజర్ సర్దుకునే రెగ్యులేటర్, సేఫ్టీ వాల్వ్, కింద డ్రెయిన్ వాల్వ్ ఉన్నాయో లేదో చూడండి. పాత ట్యాంకు ఎంత చవగ్గా వచ్చినా వద్దు, లోపల తుప్పు పట్టి పలచబడితే పేలిపోయే ప్రమాదం ఉంది, అది బయటికి కనిపించదు.

16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. స్టార్టింగ్‌లో మోటారు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది.

వాడేటప్పుడు రెగ్యులేటర్ 30 పీఎస్‌ఐ లోపే ఉంచండి. అమెరికాలో ఫ్యాక్టరీల్లో శుభ్రం చేసే గాలికి కూడా మామూలుగా ఇదే పరిమితి. కంప్యూటర్ ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని కొట్టండి, లేదంటే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. ఒంటి మీద దుమ్ము దులుపుకోవడానికి ఈ గాలి అస్సలు వాడొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

పని అయ్యాక ప్రెజర్ తగ్గించి డ్రెయిన్ వాల్వ్ తెరిచి, గాలిలోని తేమ వల్ల ట్యాంకులో చేరిన నీళ్లు వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఈ నీళ్లు ఎక్కువే వస్తాయి.