పిస్టల్ చెక్కలో ఇత్తడి సామాను సరిగ్గా కూర్చోకపోతే

మూతి నుంచి మందు కూరే కెంటకీ పిస్టల్‌ను అమెరికాలో కిట్ తెచ్చుకుని ఇంట్లో తయారు చేసుకునేవాళ్లు చాలామంది. ఈ మాటలన్నీ అక్కడి పని గురించే. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆయుధం తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కిట్‌లో పిస్టల్ చెక్క ఎక్కువగా పాడయ్యేది, ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కమ్మీ) లాంటి ఇత్తడి ముక్కలను గాడి చెక్కి దానిలో దించేటప్పుడే.

ముక్క చుట్టూ సందు కనిపిస్తోంది

కారణం: పోత పోసిన ఇత్తడి ముక్కను అలాగే చెక్క మీద పెట్టి, పెన్సిల్‌తో గీసి, గీత వెంట చెక్కేయడం. పెన్సిల్ గీత ఎప్పుడూ ముక్క కంటే కాస్త బయటికే పడుతుంది.

పరిష్కారం: ముందు ఆకురాయితో అంచులను ఏటవాలుగా అరగదీయండి. అడుగు సన్నగా, పైన వెడల్పుగా ఉంటే ముక్క దిగేకొద్దీ సీసాకు బిరడాలా బిగుస్తుంది. గీతకు పదునైన చాకు మొన వాడండి. తర్వాత ముక్క అడుగున దీపం మసి పట్టించి, గాడిలో నొక్కి, తీసి చూడండి. నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో పలచగా గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. ట్రిగ్గర్ గార్డు తోక (చెక్కలో దిగే పొడవాటి కొస) ఒక్కదానికే నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. తొందరపడితే ఒక్క ఉలి దెబ్బకు సందు వచ్చేస్తుంది.

సందు వచ్చేసిందా? అదే చెక్కలోంచి సన్నటి పేడు తీసి, నార వాటం కలిపి జిగురుతో అతికించండి. రంపపు పొట్టు, జిగురు కలిపి పూస్తే పాలిష్ వేశాక మచ్చలా కనిపిస్తుంది.

ముక్క ఊగుతోంది

గాడి మధ్యలో మిట్ట ఉంది. స్క్రూ బిగించి అణచకండి, ఇత్తడి వంగిపోతుంది. మసి పెట్టి ఆ మిట్టనే తీయండి.

గార్డు వంపు చెక్కకు కలవడం లేదు

పోత ఇత్తడిని ఉన్నపళంగా వంచితే పగలొచ్చు. మసక వెలుతురులో లేత ఎరుపు కనిపించేదాకా వేడి చేసి, పూర్తిగా చల్లారాక కొద్దికొద్దిగా వంచండి. ఎర్రగా ఉండగా వంచితే పెళుసుగా విరుగుతుంది.

స్క్రూ తల తెగింది

పిస్టల్ చెక్క మేపుల్ అయితే అది గట్టి చెక్క, బెజ్జం ఇరుకైతే ఇత్తడి స్క్రూ తట్టుకోదు. అదే సైజు ఉక్కు స్క్రూకు తేనెమైనం రాసి ముందు మర కోయించండి, తర్వాత ఇత్తడిది ఎక్కించండి. సబ్బు వద్దు, తేమ లాగుతుంది.

చివర్లో ఇత్తడి పైకి, చెక్క లోపలికి

ఉత్త చేత్తో ఉప్పుకాగితం రుద్దితే మెత్తని చెక్కే ముందు అరుగుతుంది. మొదటి నుంచీ చెక్కను కాస్త ఎత్తుగా ఉంచి, రెండింటినీ ఒకే ఆకురాయితో కలిపి దించండి. ఉప్పుకాగితాన్ని గట్టి చెక్కముక్కకు చుట్టి వాడండి.