విజయవాడ డాబా మీద మంచు కొలవడం

ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈయనకి ఐసుతో ఏం పని అని సైన్సు మేష్టార్లు నవ్వితే నవ్వనీండి. కొండల మీద మంచుని తూచి, ఇందులో ఇన్ని నీళ్ళున్నాయని లెక్క చెప్పిన జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ కూడా భాషా పండితుడే. 1869లో అమెరికాలోని మిషిగన్‌లో పుట్టాడు. 1892లో నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పడానికి రీనో ఊరు చేరాడు. అక్కడికి దగ్గర్లో మౌంట్ రోజ్ అనే కొండ, ఎత్తు 10,776 అడుగులు. 1895లో నడిచలికాలంలో దాన్ని ఎక్కాడు. ఇక వదల్లేదు. 1905లో శిఖరం మీద వాతావరణ కేంద్రం కూడా పెట్టాడు.

ఆయన మంచు కొలిచిన గొట్టంలాంటిది మన ఇళ్ళల్లో ఎలా చేసుకోవచ్చో చెబుతాను. పోయిన వేసవి సెలవుల్లో, సత్యనారాయణపురంలో మా డాబా మీద, మనవడితోనూ పక్కవాటాల పిల్లలతోనూ కలిసి చేశాను. మొదటిరోజు అభాసుపాలయ్యాను. పొద్దున పదకొండింటికి మొదలుపెట్టడం నా తెలివితక్కువ. పైపు పట్టుకునేలోపే పెట్టెలో తెచ్చిన ఐసు సగం నీళ్ళయిపోయింది. మీరు తెల్లవారుజామున ఐదున్నరకే మొదలుపెట్టండి. ఏడింటికల్లా అయిపోవాలి.

ముందు పైపు సంగతి. వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా ఒకటింపావు అంగుళం పీవీసీ పైపు ముక్క ఇస్తారు. మూరెడు చాలు. లోపలి వెడల్పు స్కేలు పెట్టి చూసి కొనండి, 3.6 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండాలి. అసలు కిటుకంతా ఈ కొలతలోనే ఉంది. అంత వెడల్పున్న గొట్టంలో ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్ళు పోస్తే దాదాపు పది గ్రాములు తూగుతాయి. అంటే లోపలున్న మంచు బరువు గ్రాముల్లో చూసి పదితో భాగిస్తే, అది కరిగితే ఎన్ని సెంటీమీటర్ల నీరవుతుందో వచ్చేస్తుంది. కరిగించి చూడక్కర్లేదు. అమెరికాలో మంచు సర్వేలకి వాడే గొట్టాలదీ ఇదే లెక్క, అక్కడ ఒక ఔన్సు బరువుకి ఒక అంగుళం నీరు వచ్చేలా మూతి వెడల్పు కుదిర్చారు. కొండ మీద, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, కూడికలూ గుణకారాలూ ఎవరు చేస్తారు?

పైపు ఒక చివర యాక్సా బ్లేడుతో రంపం పళ్ళలా కోయండి. ఈ పని పిల్లలకి ఇవ్వకండి. పైన సెంటీమీటరు గీతలు పర్మనెంట్ మార్కర్‌తో గీసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చటి పైపు దింపితే ఐసు గోడకి అతుక్కుని రాదు. కొండల మీద కూడా గొట్టాన్ని నీడలో చల్లబడనిచ్చాకే దింపుతారు. తూకానికి మా కోడలు కేకుల కోసం కొన్న డిజిటల్ కాటా వాడాను. అడక్కుండా తీసుకున్నందుకు మాట పడ్డాను కూడా.

ఐసు గడ్డలుగా ఉంటే పనికిరాదు. గోలా బండి అబ్బాయికి ముందురోజే చెప్పుకుని, తురుము పట్టించి, థర్మాకోల్ పెట్టెలో నింపించుకోండి. పెట్టెలో ఒక సగం చేత్తో గట్టిగా అదమండి, రెండో సగం పొడిపొడిగా వదిలేయండి. పైన మాత్రం రెండువైపులా ఒకే మట్టం, ఇరవై సెంటీమీటర్లు. ఇప్పుడు పిల్లల్ని అడగండి, ఎటువైపు నీళ్ళెక్కువ అని. మా దగ్గర నలుగురు "రెండూ సమానమే కదా తాతయ్యా, ఎత్తు ఒకటేగా!" అన్నారు.

ఖాళీ పైపు తూచి రాసుకోండి. తర్వాత నిలువుగా, మెల్లగా తిప్పుతూ అడుగు తగిలేదాకా దింపండి. ఎంత లోతు దిగిందో గీత చూసుకోండి. పైకి లాగేటప్పుడే తంటా. మొదటి రెండుసార్లు పైపు ఖాళీగా వచ్చింది, ఐసు కిందే ఉండిపోయింది. కొండ మీదైతే గొట్టాన్ని నేలలోకి కాస్త దింపుతారు. మూతికి మట్టి బిరడాలా పడుతుంది, తూచే ముందు ఆ మట్టి గీకేస్తారు. మనకి మట్టి లేదు కనుక, మా ఆవిడ సలహా ప్రకారం, పైపు కిందికి అట్లకాడ దూర్చి ఎత్తాం. కింద ఒక్క రవ్వ రాలలేదు.

పైపుని ఐసుతో సహా తూచి, ఖాళీ పైపు బరువు తీసేస్తే, మాకు పొడి వైపు 70 గ్రాములు, అంటే ఏడు సెంటీమీటర్ల నీరు. అదిమిన వైపు 110, అంటే పదకొండు. ఎత్తు రెండువైపులా ఇరవయ్యే! ఒక్కచోట దింపి సరిపెట్టకండి. ఒక్కోవైపు ఐదు చోట్ల తీసి సగటు కట్టండి. మంచు సర్వే చేసేవాళ్ళు ఏటా ఒకే దారిలో, అవే చోట్ల గొట్టం దింపుతారు, లేకపోతే ఈ ఏటిని పోయినేటితో పోల్చడం కుదరదు.

చర్చ్ మంచు తూకం ఒక తగవు కూడా తీర్చింది. రీనోకి ఎగువన టాహో అనే పెద్ద సరస్సు, దాని మూతి దగ్గర చిన్న ఆనకట్ట. గట్టు మీద ఇళ్ళున్నవాళ్ళు మునిగిపోతున్నాం, గేట్లెత్తమంటారు. దిగువన కరెంటు కంపెనీవాళ్ళూ రైతులూ నీళ్ళు నిలపమంటారు. ఎండలు ముదిరాక కొండ మీంచి ఎంత నీరు దిగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. చర్చ్ మంచు తూచి, మామూలు ఏడాదితో పోలిస్తే నూటికి ఇంత, కాబట్టి సరస్సు ఇంత లేస్తుంది అని వసంతంలోనే చెప్పసాగాడు. గేట్లు దాన్నిబట్టి నడిపారు. అడవుల మీద ఆయన మాట నాకింకా నచ్చింది. మంచు నిలవాలంటే చెట్లు మరీ ఒత్తుగా ఉండకూడదట, తేనెపట్టులా మధ్యమధ్య గుంటల్లాంటి ఖాళీలు వదలాలట. ఒత్తుగా ఉంటే మంచు కొమ్మల మీదే ఆగి ఆరిపోతుంది, మరీ బోడిగా ఉంటే గాలి ఎత్తుకుపోతుంది.

డెబ్బై ఏళ్ళు దాటాక మన హిమాలయాలకీ వచ్చి మంచు కొలిచి వెళ్ళాడు. 1959లో పోయాడు. మౌంట్ రోజ్ పక్కనున్న ఒక శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ఇవాళ అమెరికా పడమటి కొండల్లో చాలాచోట్ల మంచు బరువుని యంత్రాలే తూచి కబురు పంపుతున్నాయి, ఇంకా గొట్టం పట్టుకుని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

"మన కృష్ణలోకి మంచు నీళ్ళు రావుగా, మనకెందుకు తాతయ్యా?" అన్నాడు మనవడు. నిజమే, మనది పడమటి కనుమల వాన నీరు. కానీ జూలై వస్తే డెల్టా రైతు పేపర్లో వెతికేదేమిటి? శ్రీశైలం 885 అడుగులకి ఎంత దూరంలో ఉంది, సాగర్ 590కి ఎంత తక్కువ ఉంది అనేగా. కాలవకి నీళ్ళెప్పుడొదులుతారో దాన్నిబట్టే ఊహిస్తాడు. కాకపోతే ఆ అమెరికా వాళ్ళకి రాబోయే నీరు ఏప్రిల్‌లోనే కొండ మీద కళ్ళెదుట కనిపిస్తుంది. మనం మాత్రం వాన పడేదాకా మబ్బుల వైపు చూడాల్సిందే.

చివర్లో ఒక్కో పైపు ఐసునీ గిన్నెలో కరగనిచ్చి కొలత గ్లాసులో పోసి చూడండి. 70 గ్రాములకి 70 మిల్లీలీటర్లు రావాలి. మాకు 66 వచ్చాయి. తక్కిన నాలుగూ ఎవరో పిల్లాడి నోట్లోకి పోయాయని నా అనుమానం.