పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ల రచన – మూడవ పాఠం: పీజీఎక్స్ఎన్‌లో విడుదల

ఎక్స్‌టెన్షన్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు కొత్త సౌకర్యాలు చేర్చే పొదుగు. గత పాఠంలో 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలను తెలుగు అంకెలుగా మార్చే ఫంక్షన్ రాసి, దానికి కంట్రోల్ ఫైలు (ఎక్స్‌టెన్షన్ వివరాలుండేది), ఎస్‌క్యూఎల్ స్క్రిప్టు, మేక్‌ఫైలు (ఎక్కించే సూచనలుండేది) జోడించి, ‘తెలుగు_అంకెలు’ అనే ఎక్స్‌టెన్షన్‌గా మన యంత్రంలో ఎక్కించుకున్నాం. ఇప్పుడు దానిని ఇతరులు కూడా దించుకొనేలా పీజీఎక్స్ఎన్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్లను పంచుకొనే నెట్‌వర్కులో, విడుదల చేద్దాం. (పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడండి. ఎక్స్‌టెన్షన్ పేరుకు చిన్న అక్షరాలే వాడండి, మెటా.జేసన్‌ను మాత్రం META.json అని రాయాలి.)

పెర్ల్ భాషా మాడ్యూళ్ళ భండారమైన సీప్యాన్‌ను ఆదర్శంగా తీసుకొని డేవిడ్ వీలర్ ఈ వ్యవస్థను నిర్మించారు. ఎక్స్‌టెన్షన్‌ను డేటాబేసులో చేర్చే క్రియేట్ ఎక్స్‌టెన్షన్ ఆదేశం 2011లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.1లో వచ్చింది. పీజీఎక్స్ఎన్ అందించేది సోర్సు కోడు మాత్రమే. కనుక దించుకున్నవారి యంత్రంలో మేక్‌ఫైలును నడిపే మేక్, పోస్ట్‌గ్రెస్ ఎక్కడ ఉందో చెప్పే పీజీ_కాన్ఫిగ్, సర్వరు డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉండి తీరాలి. ఈ మాట రీడ్‌మీ మొదట్లోనే రాయడం మంచిది.

మనం కొత్తగా రాయవలసిన ఫైలు మెటా.జేసన్ ఒక్కటే. అందులో పేరు, ఒక వాక్యంలో పరిచయం, వెర్షను, నిర్వాహకుడు, లైసెన్సు, ప్రొవైడ్స్ (ఇందులో ఉన్న ఎక్స్‌టెన్షన్ల జాబితా), మెటా-స్పెక్ (ఈ ఫైలు పాటించే నమూనా వెర్షను) తప్పనిసరి. ఈ పాఠంలో నిదానంగా చూడవలసింది వెర్షను గురించే, ఎందుకంటే అది నాలుగు చోట్ల కనిపిస్తుంది: మెటా.జేసన్ పైభాగంలో, అదే ఫైలులోని ప్రొవైడ్స్ కింద, కంట్రోల్ ఫైలులోని డిఫాల్ట్_వెర్షన్‌లో, ఎస్‌క్యూఎల్ ఫైలు పేరులో. పోస్ట్‌గ్రెస్‌కు ‘1.0’ అన్నా చాలు గానీ, సెమాంటిక్ వెర్షనింగ్ అనే సంఖ్యల పద్ధతిని పాటించే పీజీఎక్స్ఎన్‌కు ‘1.0.0’ అని మూడు సంఖ్యలూ కావాలి. అన్నిచోట్లా మూడేసి సంఖ్యలే వాడితే తకరారు ఉండదు. రేపు కంట్రోల్ ఫైలులో 1.1.0 అని మార్చి, ‘తెలుగు_అంకెలు--1.1.0.ఎస్‌క్యూఎల్’ గానీ, పాత వెర్షను నుంచి తీసుకువెళ్ళే ‘తెలుగు_అంకెలు--1.0.0--1.1.0.ఎస్‌క్యూఎల్’ గానీ చేర్చడం మరిచిపోతే, ఆ వెర్షనుకు ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టూ లేదు, అప్‌డేట్ మార్గమూ లేదని పోస్ట్‌గ్రెస్ ముఖం మీదే చెబుతుంది. ఈ రెండవ రకం ఫైలును నేను ఎప్పుడూ తప్పనిసరిగానే భావిస్తాను, ఇప్పటికే 1.0.0 వాడుతున్నవారు ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తో ముందుకు రాగలిగేది దానివల్లనే.

తొలి విడుదలకు మెటా.జేసన్‌లోని రిలీజ్_స్టేటస్‌లో ‘టెస్టింగ్’ అని రాయండి. ఏమీ రాయకపోతే అది ‘స్టేబుల్’ కింద జమ అవుతుంది; ఎక్స్‌టెన్షన్లను దించి ఎక్కించే పీజీఎక్స్ఎన్ క్లయింటు మామూలుగా ఎంచుకొనేది స్టేబుల్ విడుదలలనే.

తరువాత మార్పులన్నీ గిట్‌లో కమిట్ చేసి (నమోదు చేసి), గిట్ ఆర్కైవ్ ఆదేశంతో జిప్ తయారుచేయండి. కమిట్ కాని మార్పులు అందులో చేరవు. ఆ జిప్‌ను విడుదలలు స్వీకరించే పీజీఎక్స్ఎన్ మేనేజర్ సైటులో ఎక్కించే ముందే ‘పీజీఎక్స్ఎన్ ఇన్‌స్టాల్’ ఆదేశానికి దాని దారి ఇచ్చి, మీ యంత్రంలో పరీక్షించండి. ఒకసారి విడుదలైన జిప్ మిర్రర్లకు, అంటే నకళ్ళు ఉంచే సర్వర్లకు, చేరిపోతుంది. అదే సంఖ్యతో దిద్దిన ప్రతిని మళ్ళీ ఎక్కించడం కుదరదు, చిన్న అచ్చుతప్పుకైనా 1.0.1 అనవలసిందే.

అభ్యాసం: 1.1.0లో తెలుగు అంకెలను తిరిగి 0–9లోకి మార్చే ఫంక్షన్ చేర్చి, దాని అప్‌డేట్ స్క్రిప్టు రాయండి. వచ్చే పాఠంలో, మరొక ఎక్స్‌టెన్షన్‌పై ఆధారపడే ఎక్స్‌టెన్షన్‌ను విడుదల చేద్దాం.