లాక్‌డౌన్‌లో ఒకే ఇంట్లో ఇద్దరు: గొడవలు ముదరకుండా ఏం చేయాలి

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు కూకట్‌పల్లిలో మాది సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. నాకూ మా ఆయనకూ ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమే. అలాంటి రోజులు మళ్లీ వస్తే ముందు ఎవరి చోటేదో తేల్చుకోండి. ఒకరికి బెడ్‌రూమ్, ఇంకొకరికి హాల్లో డైనింగ్ టేబుల్. వారం తిరగ్గానే చోట్లు మారాలి. లేకపోతే కుక్కర్ విజిళ్ల మధ్య మీటింగ్‌లో మాట్లాడే బాధ ఎప్పుడూ ఒకరిదే అవుతుంది.

పనిమనిషి రాదు కాబట్టి అంట్లు, వంట, బట్టలు ఎవరివో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నన్నడిగితే సగం గొడవలు సింకు దగ్గరే పుడతాయి. వార్తలు రోజుకు ఒక్కసారి చూస్తే చాలు.

ఒకరికి కొవిడ్ పాజిటివ్ వచ్చి వేరే గదిలో ఉండాల్సి వచ్చినప్పుడే అసలు కష్టం. మాస్కు పెట్టుకుని కంచం గది తలుపు దగ్గర పెట్టి వెనక్కి రండి. తలుపు మూశాక ఇవతల కుర్చీ వేసుకుని, ఫోన్‌లో మాట్లాడుతూ మీరూ అప్పుడే తినండి. మా ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పూట భోజనమే మా ఇద్దరినీ నిలబెట్టింది. ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) రీడింగ్ అడిగే కాల్ వేరు, కబుర్ల కాల్ వేరుగా పెట్టుకోండి. రీడింగ్ 94 కంటే తగ్గితే మాత్రం వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

భయమేస్తే దాచకండి. "నాకు భయంగా ఉంది" అని ఆయన తలుపు అవతల నుంచి అన్నాకే నేనూ ఏడవగలిగాను. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

వేర్వేరు ఊళ్లలో చిక్కుకున్నవాళ్లు రోజంతా వీడియో కాల్‌లో ఉండక్కర్లేదు. రోజూ ఒకే టైముకు కాసేపు మాట్లాడుకోండి, ఆ టైము మాత్రం తప్పకండి.